చెట్టుకు బెల్టుతో కట్టే మంచె: వెల్డింగ్ షాపుకు వెళ్లే ముందు తెలియాల్సినవి

మీ ప్రశ్న సారాంశం ఇది. చేవెళ్ల దగ్గర మీకు పొలం ఉంది, గట్టు మీద వేపచెట్లు ఉన్నాయి. రాత్రిళ్లు అడవి పందులు మక్కచేనులో పడుతున్నాయి, కాబట్టి కావలికి ఎత్తైన చోటు కావాలి. తెల్లవారాక అదే చోటు నుంచి పాలపిట్టల్ని, నెమళ్లని ఫొటోలు తీయాలనుంది. అమెరికాలో జింకల వేటగాళ్లు చెట్టుకు బెల్టులతో బిగించుకుని నిలబడే చిన్న ఇనుప ప్లాట్‌ఫాం వీడియోల్లో చూశారు. అలాంటిది హైదరాబాద్‌లో సొంతంగా చేయించుకోవచ్చా, ఏ సైజు పైపు, ఏ బెల్టు అని అడిగారు.

చేయించుకోవచ్చు. బాలానగర్, కుషాయిగూడ వైపు ఏ వెల్డింగ్ షాపులోనైనా ఒక పూటలో అయ్యే పని. అయితే ఇందులో ఇనుము కొనడం సులువు, లెక్క అర్థం కావడమే కష్టం. పాత బెల్టు తెగి పడేవాళ్లు ఎటూ ఉంటారు. కొత్త బెల్టు, మందపు పైపు వేసుకున్నా పడేవాళ్లు ఉన్నారంటే అది ఎక్కేటప్పుడో దిగేటప్పుడో జరుగుతుంది, లేదంటే బలం ఎటు నుంచి ఎటు పోతోందో చూసుకోకుండా కట్టినందువల్ల జరుగుతుంది. అందుకని సైజుల కంటే ముందు ఆ సంగతే చెబుతాను.

దానికీ ముందు చట్టం గురించి ఒక మాట. మంచె మీద కూర్చుని చూడొచ్చు, ఫొటో తీయొచ్చు, పొలిమేర దాటకుండా పందుల్ని అదిలించొచ్చు. వేట మాత్రం కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, విషం పెట్టడం, ఎర వేయడం, పట్టుకోవడానికి తరమడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. అడవి పంది పంట తిన్నా సరే, దాన్ని చంపాలంటే సెక్షన్ 11 కింద అధికారం ఉన్న అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. నెమలి షెడ్యూల్ 1లో ఉంది. గుడ్లకు, గూళ్లకు నష్టం చేసినా కేసే, కాబట్టి గూడున్న చెట్టుకు మంచె కట్టకండి. కట్టేది మీ సొంత పొలంలో, మీ సొంత చెట్టుకే. చేవెళ్ల రోడ్డు పక్కనున్న పెద్ద మర్రిచెట్లకు గానీ, అనంతగిరి వైపు రిజర్వ్ ఫారెస్టులో గానీ, చెరువు కట్ట మీది చెట్లకు గానీ వద్దు.

ఇక లెక్క. మనిషి, బ్యాగు, కెమెరా కలిపి 100 కిలోలు అనుకుందాం. ఆ మనిషి చెట్టుకు 600 మిల్లీమీటర్ల దూరంలో, ప్లాట్‌ఫాం అంచున నిలబడ్డాడు. ప్లాట్‌ఫాం వెనక నుంచి నిలువుగా పైకి ఒక పోస్టు ఉంటుంది, దాన్ని చెట్టుకు ఆనిస్తాం. మనిషి బరువుకు పోస్టు పై కొస చెట్టు నుంచి బయటికి లాగబడుతుంది, కింది కొస చెట్టులోకి నొక్కబడుతుంది. పై బెల్టుకూ కింది ఆనుడుకూ మధ్య దూరం 300 మి.మీ. మాత్రమే ఉంటే పై బెల్టు మీద అడ్డంగా పడే లాగుడు 200 కిలోలు. అదే దూరం 600 ఉంటే 100 కిలోలు, 750 ఉంటే 80 కిలోలు. బరువు తగ్గించుకుందామని పోస్టు పొట్టిగా కోయించుకునేవాళ్లు బెల్టు మీద భారం తెలియకుండానే రెండింతలు, మూడింతలు చేసుకుంటున్నారు. పోస్టు పొడవు 750 మి.మీ. కంటే తక్కువ చేయకండి. ప్లాట్‌ఫాం 600కు మించి ముందుకు రానివ్వకండి. రెండడుగుల చదరం నిలబడటానికీ, కాళ్లు చాపి కూర్చోవడానికీ సరిపోతుంది.

ఇది అడ్డంగా పడే బలం. నిలువుగా కిందికి లాగే 100 కిలోలను బెల్టు నేరుగా మోయదు. బెల్టు బిగింపు వల్ల బెరడుకూ ఇనుముకూ మధ్య పుట్టే రాపిడి, కింది బ్రాకెట్ పళ్లు బెరడులోకి దిగిన పట్టు, ఈ రెండే మోస్తాయి. అందుకే ఎంత బలమైన బెల్టు కట్టినా వదులుగా ఉంటే మంచె జారుతుంది. బెల్టు చెక్కుచెదరదు, మనిషి మాత్రం కింద ఉంటాడు.

మూడోది, చాలామంది వదిలేసేది. ప్లాట్‌ఫాం ముందు మూలల నుంచి పోస్టు పైభాగానికి రెండు ఉక్కు తాళ్లు వెళ్తాయి. ఆ తాళ్లు పోస్టుకు తగిలే చోటు, పై బెల్టు పోస్టును పట్టుకునే చోటు ఒకే ఎత్తులో ఉండాలి. తాళ్లు పై కొసకు కట్టి, బెల్టును పోస్టు నడుముకు చుడితే, తాళ్లు పైన ముందుకు లాగుతాయి, బెల్టు మధ్యలో వెనక్కి లాగుతుంది. పోస్టు విల్లులా వంగుతుంది. 40×40×2 (కొలతలన్నీ మి.మీ.) పైపు నిలువుగా వచ్చే ఒత్తిడిని హాయిగా మోస్తుంది, ఇలా మధ్యలో విరిచే బలాన్ని మాత్రం తట్టుకోదు.

సామాన్లకొస్తే, పోస్టుకు ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) స్క్వేర్ పైపు 40×40, గోడ మందం 2 మి.మీ., పొడవు 800. దాని కింది కొసకు అడ్డంగా అదే పైపు 300 మి.మీ. ముక్క వెల్డ్ చేయించండి, తిరగేసిన టీ ఆకారం వస్తుంది. ఈ అడ్డ ముక్క రెండు చివర్లలో ప్లాట్‌ఫాం కీలు వస్తుంది. ఒకే చోట కీలు పెడితే మూల మీద కాలు వేయగానే ప్లాట్‌ఫాం మెలి తిరుగుతుంది. ప్లాట్‌ఫాం ఫ్రేముకు 30×30×2 పైపు, నాలుగు పక్కలా కలిపి 2.4 మీటర్లు. 25×25 చాలదా అని షాపువాళ్లు అడుగుతారు. నిశ్చలంగా నిలబడితే చాలుతుంది. కానీ నిచ్చెన మీంచి అడుగు వేసిన క్షణంలో బరువు రెండింతలు పడ్డట్టు లెక్కేయాలి. ఆ బలం ఒకే పక్క పైపు మధ్యలో పడితే 25 పైపు దాదాపు వంగే హద్దుకు చేరుతుంది. 30 పైపులో ఇంకా వెసులుబాటు ఉంటుంది, బరువు తేడా కిలో కూడా రాదు. లోపల మూడు అడ్డ కడ్డీలు 20×20×2, మొత్తం 1.6 మీటర్లు. పైన రెండడుగుల చదరం ఎక్స్‌పాండెడ్ మెటల్ జాలీ (రేకును చీల్చి సాగదీసి చేసిన ఇనుప వల). ప్లైవుడ్ వేయకండి, మంచు పడితే జారుతుంది, వానకు ఉబ్బుతుంది, కింద తుప్పు పట్టినా కనపడదు. పైపు 6 మీటర్ల పొడవులో అమ్ముతారు. షాపులో ముక్కలుంటే పూర్తి పైపులు కొనాల్సిన పని లేదు. అన్నీ కలిపి మంచె 12, 13 కిలోలు తూగుతుంది.

అల్యూమినియంతో చేస్తే తేలిక కదా అని కొందరు అంటారు. కంపెనీలు అలాగే చేస్తాయి, నిజమే. కానీ మామూలు షాపులో అల్యూమినియం వెల్డింగ్ వద్దు. వేడి తగిలిన చోట ఆ లోహం దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది. పైకి చూస్తే అతుకు అందంగానే ఉంటుంది. ఎంఎస్ అయితే ముందు వంగుతుంది, మనకు హెచ్చరిక దొరుకుతుంది.

చెట్టుకు ఆనే బ్రాకెట్లు రెండు, పోస్టు పైన ఒకటి, కింద అడ్డ ముక్క వెనక ఒకటి. 40×6 ఫ్లాట్‌ను (ఇనుప పట్టీని) 300 మి.మీ. కోసి, మధ్యలో వంచి వెడల్పాటి వి ఆకారం చేయించండి. కోణం 120 డిగ్రీలు ఉంటే సన్న మొద్దుకూ, లావు మొద్దుకూ కుదురుతుంది. కింది బ్రాకెట్‌కు నాలుగు పళ్లు, ఒక్కోటి 8 మి.మీ. మించకుండా. పళ్ల బదులు పాత టైరు రబ్బరు అతికిస్తే చెట్టుకు దెబ్బ ఉండదు కదా అనిపిస్తుంది. పొడి బెరడు మీద రబ్బరు బాగానే పడుతుంది. పాచి పట్టిన తడి బెరడు మీద జారుతుంది. నా అభిప్రాయంలో మందపు బెరడున్న చెట్టు ఎంచుకుని చిన్న పళ్లు పెట్టడమే మేలు. బెరడు పలచగా ఉన్న చెట్టుకు అసలు కట్టకపోతే రెండు సమస్యలూ తీరుతాయి. మేకులు, కోచ్ స్క్రూలు మాత్రం దిగ్గొట్టకండి. వాటి చుట్టూ చెక్క పుచ్చితే చెట్టు లోపల ఏం జరుగుతోందో మీకు తెలియదు.

కీలుకు ఎం10 బోల్టు, తల మీద 8.8 అని అచ్చు ఉన్నదే. బోల్టును రెండు పక్కలా చెవులు (చిల్లున్న ఇనుప పలకలు) పట్టుకోవాలి, ఒకే చెవికి వేలాడకూడదు. 2 మి.మీ. గోడ పైపుకు చిల్లు వేసి బోల్టు బిగిస్తే పైపు నొక్కుకుపోతుంది, తర్వాత బోల్టు వదులై చిల్లు కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. దానికి మందు ఒక్కటే. చిల్లులో బోల్టు పట్టే చిన్న పైపు ముక్కను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పెట్టి రెండు వైపులా వెల్డ్ చేయించాలి. ‘బుష్ వేయండి’ అంటే వాళ్లకు అర్థమవుతుంది. ప్రతి బోల్టుకూ నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగుతో, వదులు కాకుండా పట్టేది). కీలు దగ్గర నైలాన్ వాషర్ వేస్తే కదిలినప్పుడు కిర్రుమనే చప్పుడు పోతుంది. పందికి కంటి చూపు అంతంతమాత్రమే గానీ చెవులు, ముక్కు చాలా చురుకు.

ఉక్కు తాడు 6 మి.మీ. గాల్వనైజ్డ్. తెగే బలం సుమారు 1,800 కిలోలు. ఒకే మూల మీద 100 కిలోల మనిషి నిలబడితే ఆ తాడులో పడే లాగుడు ఈ కొలతలకు సుమారు 130 కిలోలు, అడుగు వేసిన కుదుపుతో 260 అనుకోండి. అప్పుడు కూడా తాడు బలం దాదాపు ఏడింతలు ఉంది. తాడు తెగదు, క్లాంపు (మడిచిన తాడును యూ ఆకారపు బోల్టుతో నొక్కి పట్టేది) జారుతుంది. అందుకే ఈ చిన్న విషయం జాగ్రత్తగా చూడండి. తాడును థింబుల్ (మడత నలగకుండా లోపల పెట్టే ఇనుప గాడి) చుట్టూ మడిచాక ఒక పక్క పొడుగు తాడు, అంటే బరువు మోసేది, ఒక పక్క పొట్టి తోక ఉంటాయి. యూ బోల్టు వంపు పొట్టి తోక మీద పడాలి. గాడులున్న అడుగు భాగం, అంటే నట్లు ఉండే వైపు, పొడుగు తాడు మీద కూర్చోవాలి. తిరగేసి వేస్తే బరువు మోసే తాడునే యూ బోల్టు నలిపి కొరుకుతుంది. ఒక్కో కొసకు మూడు క్లాంపులు, మధ్య 40 మి.మీ. ఎడం. మొదటిసారి బరువు వేశాక తాడు కాస్త సన్నబడుతుంది, కాబట్టి నట్లన్నీ మళ్లీ బిగించాలి. ఈ రెండో బిగింపు మరచిపోతే మొదటిది వృథా.

వెల్డింగ్‌లో అడగాల్సినవి రెండు. ఒకటి, పైపు చుట్టూ నాలుగు వైపులా పూర్తి అతుకు, టాకాలు వేసి వదలడం కాదు. 2 మి.మీ. గోడకు 2.5 మి.మీ. రాడ్డు, కరెంటు తక్కువ పెట్టి, ఇరవై ముప్పై మి.మీ. చొప్పున ఆగి ఆగి వేయాలి. ఒకేసారి లాగితే పైపు కాలి చిల్లు పడుతుంది, ఆ చిల్లును పైపైన కప్పేస్తారు. రెండు, అతుకును గ్రైండర్‌తో నున్నగా చేయొద్దని ముందే చెప్పండి. అందం కోసం అరగదీస్తే బలమున్న లోహమే పోతుంది. పెయింటు వేసే ముందు మీరే వెళ్లి చూడండి. అతుకు పక్కన కాలువలా తవ్వుకుపోయినా, సూదిబెజ్జాలు కనిపించినా మళ్లీ వేయించండి. తర్వాత రెడాక్సైడ్ ప్రైమర్, దాని మీద మెరుపు లేని ఆకుపచ్చ.

బెల్టులు రాణిగంజ్‌లో గానీ, ఆటోనగర్‌లో లారీ సామాన్లు అమ్మే చోట గానీ దొరుకుతాయి. రాచెట్ బెల్టు (పిడి ఆడిస్తే బిగుసుకునే, లారీ సరుకు కట్టే రకం), 50 మి.మీ. వెడల్పు, పాలిస్టర్, రెండు. చెట్టు చుట్టుకొలత 140 సెం.మీ. ఉన్నా 4 మీటర్ల బెల్టు సరిపోతుంది. కుట్టి ఉన్న లేబుల్ చూడండి. యూరప్ ప్రమాణంతో చేసిన బెల్టుకు నీలం లేబుల్ ఉంటే పాలిస్టర్, ఆకుపచ్చ అయితే నైలాన్, గోధుమ రంగు అయితే పాలీప్రొపిలీన్. నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. సాయంత్రం బిగించింది తెల్లవారేసరికి వదులవుతుంది. పాలీప్రొపిలీన్ ఎండకు పెళుసెక్కుతుంది. లేబులే లేని బెల్టు ఎంత చవకైనా వద్దు. కొక్కేలున్న బెల్టు కూడా వద్దు. లాగుడు ఒక్క క్షణం వదులైతే కొక్కెం ఊడిపోవచ్చు. కొక్కెం లేకుండా చెట్టు చుట్టూ తిరిగి రాచెట్‌లోకే వచ్చే రకం తీసుకోండి. పోస్టు బ్రాకెట్‌లో బెల్టు దూరే గాడి అంచులను ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి. వేలు పెట్టి రాస్తే ఎక్కడా గీరుకోకూడదు. లాగుడులో ఉన్న బెల్టును పదునైన ఇనుప అంచు కత్తిలా కోస్తుంది. బెల్టు పొడవు తక్కువైతే ముడి వేసి జత చేయకండి, ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది. రాచెట్ ఇరుసు మీద కనీసం రెండు చుట్లు ఉండాలి, మూడు దాటి కుక్కకూడదు.

రెండో బెల్టు ఎందుకని చాలామంది అడుగుతారు. బరువు మోయడంలో కింది బెల్టు పని తక్కువే. కానీ నిచ్చెన మీంచి ప్లాట్‌ఫాం మీదికి కాలు వేసేటప్పుడు మనకు తెలియకుండానే దాన్ని పక్కకీ పైకీ తోస్తాం. కింది బ్రాకెట్ ఒక్క క్షణం బెరడు నుంచి లేస్తే మంచె మొద్దు చుట్టూ తిరిగిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఒక కాలు నిచ్చెన మీద, ఒక కాలు గాలిలో ఉంటాయి. కింది బెల్టు ఉన్నది దాన్ని ఆపడానికే.

చెట్టు. చుట్టుకొలత రొమ్ము ఎత్తులో 80 నుంచి 140 సెం.మీ. మధ్య, నిటారుగా, మంచె కట్టే మేర కణుపులు లేకుండా ఉండాలి. వేప, ఇప్ప, నల్లతుమ్మ బాగుంటాయి. చింత చాలా గట్టిది గానీ ముదురు చింత మొద్దు లావు, పైగా తొర్రలు పడే గుణం ఉంది. టేకు నిటారుగా ఉంటుంది, బెరడు పొరలుగా ఊడుతుంది కాబట్టి పళ్లు గట్టి పొర దాకా దిగాయో లేదో చూసుకోవాలి. నీలగిరి వద్దు, బెరడు నున్నన, ఒలిచిన తొక్కతో సహా మంచె జారుతుంది. మునగ, సుబాబుల్, గుల్‌మొహర్ పెళుసు. మర్రి, రావి బెరడు పలచన, పాలు కారి జిగటవుతుంది. తాటిచెట్టు పొలంలో అన్నిటికంటే ఎత్తుగా నిలబడి పిడుగును పిలుస్తుంది.

ఎంచుకున్న చెట్టును చెక్క సుత్తితో అడుగు నుంచి అందినంత ఎత్తు దాకా చుట్టూ కొట్టి వినండి. గట్టి చెక్క ‘టక్’ మంటుంది, తొర్ర ‘డొబ్’ మంటుంది. బెరడు మీద చెదల మట్టి పొర ఉంటే గీకి చూడండి, కింద చెక్క మెత్తబడిందేమో. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు పలకల్లా లేస్తే లోపల కుళ్లు ఉన్నట్టే, వదిలేయండి. తల పైన ఎండు కొమ్మ ఉండకూడదు. పెద్ద తేనెటీగల పట్టు ఆ చెట్టుకు గానీ పక్క చెట్టుకు గానీ ఉంటే ఆ సీజన్‌కు ఆ చోటే వద్దు. హార్నెస్ (కింద పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీల జోడు) కట్టుకున్న మనిషి తేనెటీగల నుంచి పరుగెత్తలేడు. కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే, నిచ్చెన పొడవు కూడా కలుపుకుని దూరం లెక్కేయండి. ఇనుప నిచ్చెన నిలబెట్టేటప్పుడు పక్కకు ఒరిగినా తీగకు తగలకూడదు.

చెట్టు కాస్త ఒరిగి ఉంటే, ఒరిగిన దిక్కుకు ఎదురు వైపున మంచె కట్టండి. అప్పుడు మీ వీపు మొద్దు మీదికి వాలుతుంది. ఒరిగిన వైపే కడితే చెట్టు మిమ్మల్ని బయటికి నెడుతూనే ఉంటుంది, అరగంటకే నడుము పట్టేస్తుంది.

ఎత్తు మూడు, మూడున్నర మీటర్లు చాలు. వేటగాళ్ల వీడియోల్లో ఆరు మీటర్లు ఎక్కుతారు. మీకు ఆ అవసరం లేదు. పక్షుల ఫొటోకు మరీ పైనుంచి తీస్తే వీపులే వస్తాయి. మూడు మీటర్ల నుంచి పడితే నేలకు తగిలే వేగం గంటకు 28 కిలోమీటర్లు, ఆరు నుంచి అయితే 39. మూడు కూడా చిన్న ఎత్తేం కాదు, వెన్నెముక విరగడానికి సరిపోతుంది.

బిగించే పద్ధతి. ఇద్దరు ఉండాలి, పగలు, గాలి లేనప్పుడు. మొదట నిచ్చెనను చెట్టుకు మూడు చోట్ల కట్టాలి. దాని కొస ప్లాట్‌ఫాం కంటే మీటరు పైకి ఉండాలి. నిచ్చెన ప్లాట్‌ఫాం అంచుకే ఆగిపోతే పైకెక్కేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ప్లాట్‌ఫామ్‌నే పట్టుకుని లాగుతారు. పైకి వెళ్లాక నడుము తాడు (హార్నెస్‌కు నడుము దగ్గర తగిలించేది) చెట్టు చుట్టూ వేసుకుని రెండు చేతులూ ఖాళీ చేసుకోండి. మంచెను తాడుతో పైకి లాక్కోండి, చంకలో పెట్టుకుని ఎక్కకండి. పై బెల్టు చుట్టి, ప్లాట్‌ఫాం ముందు అంచు రెండు వేళ్లంత పైకి లేచి ఉండేలా పట్టుకుని బిగించాలి. తర్వాత నిచ్చెన మీద నిలబడే ప్లాట్‌ఫామ్‌ను అరచేతులతో గట్టిగా కిందికి నొక్కితే కింది బ్రాకెట్ పళ్లు బెరడులోకి దిగి ప్లాట్‌ఫాం సమతలానికి వస్తుంది. నొక్కకముందే సమంగా ఉంటే, మీరు ఎక్కాక ముందుకు వాలుతుంది. అప్పుడు బెల్టు విప్పి మళ్లీ మొదలుపెట్టడమే, వాలు మీద సర్దుకోవద్దు. చివరగా కింది బెల్టు. రెండు రాచెట్లూ పక్కకు, చేతికి అందే చోట ఉండాలి. మొద్దు వంపు మీద ఇనుప భాగం అడ్డంగా పడితే అది పూర్తిగా మూసుకోదు.

ఇవన్నీ సరిగా చేసినా హార్నెస్ లేకుండా ఎక్కకండి. దీనికి మినహాయింపు లేదు. రాణిగంజ్‌లో ఇండస్ట్రియల్ సేఫ్టీ సామాన్ల దుకాణాల్లో ఐఎస్ 3521 ముద్ర ఉన్న ఫుల్ బాడీ హార్నెస్ అడగండి. నడుముకు మాత్రమే కట్టే బెల్టుతో పడితే పొట్ట, పక్కటెముకలు దెబ్బతింటాయి, తలకిందులై జారిపోవచ్చు కూడా. ప్లాట్‌ఫాం మీద నిలబడినప్పుడు తల కంటే పైన మొద్దుకు యాంకర్ (తాడు పట్టి ఉండే కట్టు) కట్టండి, దాన్ని మంచె బెల్టులతో కలపొద్దు. అక్కడి నుంచి నేల దాకా 11 మి.మీ. స్టాటిక్ (పెద్దగా సాగని) తాడు ఒకటి వేలాడదీసి, దానికి 8 మి.మీ. తాడుతో మూడు చుట్ల ప్రూసిక్ ముడి (చేత్తో జరిపితే జరిగి, బరువు పడితే బిగిసే ముడి) వేసి, ఆ ముడికి హార్నెస్‌ను కారబినర్‌తో (తెరుచుకుని మూసుకునే లోహపు కొక్కెంతో) తగిలించండి. నేల మీద కాలు ఉండగానే తగిలించి, ఎక్కుతూ ముడిని పైకి జరుపుతూ పోవాలి. దిగి నేల తాకాకే విప్పాలి. పైకి చేరాక తగిలించుకుందాం అనుకుంటే ఎక్కువ ప్రమాదాలు జరిగే భాగమంతా ఖాళీగా దాటినట్టే. కూర్చున్నప్పుడు తాడులో వదులు ఉండకూడదు. ఎంత వదులుంటే అంత దూరం పడి అంత గట్టిగా ఆగుతారు.

హార్నెస్‌లో పడి వేలాడితే కథ అయిపోలేదు. తొడల పట్టీలు రక్తాన్ని కాళ్లలోనే ఆపేస్తాయి, కదలకుండా కొద్ది నిమిషాలు వేలాడినా స్పృహ తప్పొచ్చు. అందుకని జేబులో ఒక తాడు ఉచ్చు పెట్టుకోండి. దాన్ని కారబినర్‌కు తగిలించి పాదం పెట్టి లేచి నిలబడితే తొడల మీద ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కడున్నారో ఇంట్లో ఒకరికి చెప్పండి, ఫోను పై జేబులో ఉండాలి.

మనిషి ఎక్కేముందు పరీక్ష. అసలు చెట్టుకే, నేలకు ఒక అడుగు ఎత్తులో మంచె కట్టి, సిమెంటు బస్తాలు నాలుగు, అంటే 200 కిలోలు, ముందు అంచు వైపు పేర్చండి. పోస్టు పక్కన బెరడు మీద సుద్దతో గీత గీయండి. మొదట ఐదు మి.మీ. దిగడం మామూలే, పళ్లు కూర్చుంటాయి. మర్నాటికి ఇంకా దిగితే బిగింపు చాలదన్నమాట, లేదా ఆ చెట్టు పనికిరాదు. తర్వాత రెండు బస్తాలు ఒకే మూల మీద పెట్టి ఒక గంట ఉంచండి. దించాక ఫ్రేము మూల నుంచి మూలకు టేపుతో రెండు వైపులా కొలవండి. రెండు కొలతలు తేడా వస్తే పైపు వంగింది. అతుకుల దగ్గర పెయింటు సన్నగా వెంట్రుకలా చిట్లి ఉంటే కింద అతుకు కదిలినట్టే.

మిగతావి క్లుప్తంగా. చుట్టూ దాపు గుడ్డ కట్టాలనుకుంటే వలలాంటిదే కట్టండి, మందపు గుడ్డ గాలికి తెరచాపలా పట్టి బెల్టుల్ని వదులు చేస్తుంది. కూర్చోవడానికి వేరే బెల్టుతో మొద్దుకు కట్టే కాన్వాస్ పట్టీ చాలు. పంట కావలికి రాత్రి వెళ్లే దారిలో పక్క పొలాల వాళ్లు పందుల కోసం కరెంటు తీగలు వేశారేమో పగలే అడిగి తెలుసుకోండి. ఇళ్ల కరెంటు నేరుగా కంచెకు ఇవ్వడం నేరం, మనుషులే చచ్చిపోతున్నారు. మంచె ఎంత గట్టిదైనా ఆ తీగ ముందు పనికిరాదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మీ కావలి ఏటా అదే మక్కచేనుకు, అదే మూలనైతే ఈ ఇనుప మంచె కంటే మన పాత పద్ధతిలో నాలుగు గుంజలు పాతి వేసే మంచే మంచిది. చెట్టు ఎక్కడుంటే అక్కడ కాకుండా మీకు కావలసిన చోట వస్తుంది, ఇద్దరు కూర్చోవచ్చు, పడుకోవచ్చు. గుంజలు మూడడుగుల లోతు పాతి, నాలుగు పక్కలా ఏటవాలు ఊతాలు కొడితే చాలు. బెల్టు మంచెకు అర్థం ఉండేది చోటు మారుస్తూ ఉండాలన్నప్పుడే. ఈ నెల పిట్టల కోసం కుంట దగ్గర, వచ్చే నెల చేను గట్టున, అలాగన్నమాట.

వేసవి చివర, ఏప్రిల్ మే నెలల్లో సాయంత్రం హఠాత్తుగా ఈదురుగాలి, పిడుగులు వస్తాయి. ఉరుము వినపడితే దిగిపోవాలి, వాన కోసం ఎదురుచూడొద్దు. దిగాక ఆ చెట్టు కింద నిలబడొద్దు. పైన కట్టినప్పుడు కూడా కింద నుంచి కనపడేలా సుద్ద గీత గీయండి; గాలి వచ్చిన ప్రతిసారీ తర్వాత, ఎక్కేముందు దాన్ని చూసుకుని, నడుము తాడుతో ఎక్కి రెండు రాచెట్లూ మళ్లీ బిగించండి. సీజన్ అయ్యాక మంచె దించేయండి. ఏడాది పొడుగునా వదిలేస్తే ఎండకు బెల్టు గరుకెక్కి రంగు వెలుస్తుంది, చెట్టు లావై బెల్టు బెరడును కోస్తుంది. బెల్టును చేతిలో మడిచి చూడండి. మడత దగ్గర నూలు పొడిలా రాలినా, అంచు కుట్టు ఊడినా, ఎక్కడైనా చిన్న కోత ఉన్నా ఆ బెల్టు మంచెకు పనికిరాదు. రెండు ముక్కలుగా కోసేయండి, లేదంటే వచ్చే ఏడు ఇంకెవరో తీసి కట్టేస్తారు.

మీ వేపచెట్టు చుట్టుకొలత, మొదటి కొమ్మ ఎంత ఎత్తులో ఉందో చెబితే, ఏ చెట్టు ఎంచుకోవాలో, నిచ్చెన ఎంత పొడవు కావాలో చెబుతాను.